నీళ్ళు పడే వైపు

పోయినవారం మిమ్మల్ని గోడ దగ్గరే వదిలేశాను. నిచ్చెన మీద తాపీ పట్టుకుని మా ఆయన తిబో, నిచ్చెన కింద కాఫీ పట్టుకుని నేను, గోడకి అవతల బోర్లించిన బకెట్టు మీద నిలబడి మా పక్కింటి సిడోనీ. ఆవిడ ముఖం, ఊలు టోపీ మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ టోపీ కిందినుంచి వచ్చిన మాట దగ్గర ఆగాం.

"నా గోడ చక్కగా తయారైంది మిస్యూ తిబో. చాలా శ్రమపడ్డారు."

నా గోడ. ఆ రెండు మాటల్లో మొదటిదే చిక్కు.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. మా ఆయన ఓర్లియాఁలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. 'కారు ధరకే పల్లెటూళ్ళో ఇల్లు' అన్న ప్రకటన చూసి, క్రూజ్ జిల్లాలో మాస్‌బ్రూ అనే ఈ పల్లెలో రాతి ఇల్లు కొన్నాడు. ప్రకటనలో అబద్ధం లేదు, కారు ధరకే వచ్చింది. తరవాత నోటరీ ఖర్చులకి ఒక మోటారు సైకిలు పోయింది. పైకప్పుకి ఇంకో కారు, సెప్టిక్ ట్యాంకుకి ఒక వ్యాను. మేమీపాటికి చిన్న షోరూము తెరిచి ఉండాల్సింది.

అమ్మిన ముసలాయన పేరు గాస్తోన్. "ట్యాంకు కొత్తదానిలా ఉంది" అని నోటరీ ముందు గుండెల మీద చెయ్యేసుకుని చెప్పి, రొయాఁలో సముద్రం పక్కనున్న కూతురింటికి వెళ్ళిపోయాడు. తనిఖీకి వచ్చిన అమ్మాయి మూత తీసి చూసి, మళ్ళీ మూత వేసి, "ఇది ట్యాంకు కాదు మాదాం, ఒక నమ్మకం" అంది. అప్పట్నించీ మా ఆయన రొయాఁకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. సముద్రమైనా అలలు పంపుతుంది, గాస్తోన్ ఏమీ పంపడు.

ఇక నా సంగతి. రెండు చలికాలాలుగా పశువుల కొట్టంలో, ఆవులు మేత తిన్న గాడి మీద పలక వేసి, దాని మీద గ్యాస్ పొయ్యి పెట్టుకుని వండుతున్నాను. పులుసు మరిగితే ఆవిరి దూలాలకి పట్టి, చుక్కలుగా మళ్ళీ పులుసులోకే వస్తుంది. ఉప్పు సరిపోయిందో లేదో నాకన్నా దూలాలకే బాగా తెలుసు. అసలైన వంటిల్లు తోటలో, ఈ గోడకి ఆనించి కట్టాలి. గురువారం పొద్దున్నే వడ్రంగి రెమీ చెస్ట్‌నట్ దూలాలు తెస్తున్నాడు. వాటి ఒక చివర ఇంటి గోడలో, రెండో చివర ఈ తోట గోడలో. గురువారం కుదరకపోతే మళ్ళీ నవంబరులో సెయింట్ల పండగ దాటాకే అన్నాడు. ఇక్కడ పనివాళ్ళు 'సెయింట్ల పండగ దాటాక' అంటే ఏ సంవత్సరం పండగ అని అడగడం మర్యాద కాదు.

అదీ సంగతి. ఇప్పుడు గోడ దగ్గరికి పదండి.

"మన గోడ అనండి మాదాం," అని నవ్వాడు మా ఆయన. పిల్లల లెక్క దిద్దేముందు మాస్టార్లు నవ్వే నవ్వది.

"మొన్న ఈస్టర్ దాకా మనదే. ఇప్పుడు నాది. మీరే ఇచ్చారు."

"నేనా? ఎప్పుడు?"

"మీరు పెట్టిన వాలు ఎటుంది?"

మా ఆయన కాస్త తడబడ్డాడు. ఆ వాలు ఆయన చాటుగా గర్వపడుతున్న విషయం. మంచుకి పగిలి గోడ నెత్తిమీది పాత రాళ్ళు రాలిపోతే, వాటి చోట కొత్తగా పలకరాళ్ళు పరిచి, వాలు మొత్తం సిడోనీ తోటలోకి పెట్టాడు. "ఒక్క చుక్క మన వైపు పడదు ఓదిల్. నీ వంటింటికి చెమ్మ అన్నమాటే ఉండదు," అని నాకు కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించాడు.

"అటు… అంటే… మీ వైపే అనుకోండి," అన్నాడు.

"అనుకోవడం దేనికి, పడుతున్నాయిగా! నీళ్ళు రెండు వైపులా పడితే గోడ ఇద్దరిదీ. ఒక్క వైపే పడితే ఆ వైపువాళ్ళది. చట్టంలో ఉంది. చట్టం రాకముందు మా అమ్మమ్మ నోట్లో ఉండేది. తన గోడ నీళ్ళు పక్కింట్లో ఎవరు పోస్తారు చెప్పండి? దొంగ కూడా పొయ్యడు. అలాంటిది మీరు రసమట్టం పెట్టి, అంత పద్ధతిగా అన్నీ నా వైపు పంపారంటే, గోడ నాదని ఒప్పుకున్నట్టే. ఇక వాన పడ్డప్పుడల్లా ఒప్పుకుంటూనే ఉంటారు."

తిబో ఫోను తీశాడు. మాస్‌బ్రూలో సిగ్నల్ నిచ్చెన పైమెట్టు మీదే దొరుకుతుంది, ఆ ఒక్కటి మాత్రం కలిసొచ్చింది. చదువుతున్నకొద్దీ ఆయన ముఖం తాపీ మీది సున్నం రంగుకి వచ్చింది.

"ఉంది," అన్నాడు నా వైపు చూసి.

"ఏది?"

"చట్టం."

కాస్త గుండె చిక్కబట్టుకుని, "పాత నెత్తి రెండు వైపులా వాలి ఉండేది మాదాం. ఆ రాళ్ళు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది," అన్నాడు.

"చూద్దాం. ఎక్కడున్నాయవి?"

అవి మా కారు తిరిగే దారి కింద ఉన్నాయి. ఈయనే పగలగొట్టి పరిచాడు, రోలరు తిప్పాడు.

"అయితే ఇదంతా విప్పి మళ్ళీ కడతాను."

"నా గోడ మీద చెయ్యేస్తే మేయరు దగ్గరికి వెళ్తాను. మేయరు మా అక్క కొడుకు. మీరూ వెళ్ళండి, కోర్టుకి. కొలతలవాడు వస్తాడు, లాయరు వస్తాడు, చివరికి మీరు గెలిచినా గెలవచ్చు. కాకపోతే అప్పటికి ఓదిల్‌కి పళ్ళు ఉండవు, వంటింటి అవసరం కూడా ఉండదు." టోపీ సర్దుకుంది. "రేపు ఆదివారం. కాఫీకి రండి ఇద్దరూ. ఓదిల్, మీరు ముఖ్యంగా."

బకెట్టు దిగిన చప్పుడు. టోపీ మాయం.

*

ఆదివారం మా ఆయన వాదనలు వరసపెట్టుకుని, చొక్కా మార్చుకుని బయల్దేరాడు. నేను ప్లమ్ జామ్ సీసా పట్టుకున్నాను.

సిడోనీ ఒకప్పుడు పక్క ఊళ్ళో పోస్టాఫీసు నడిపింది. ఎవరు ఎవరికి రాశారో, ఎవరు రాయడం మానేశారో అన్నీ ఆవిడకి తెలుసు. వంటింట్లో పెద్ద పొయ్యి, నల్లటి బల్ల, బల్ల మీద హేజల్‌నట్ కేకు. ఆవిడ దాన్ని నాలుగు ముక్కలు కోసి, మూడు మా ముందు పెట్టి, నాలుగోది గుడ్డ కప్పి పక్కకి జరిపింది. సింకు పక్కన రెండు కాఫీ గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఒంటరి మనిషికి రెండు గిన్నెలు ఉండకూడదని రూలేం లేదు. కానీ నాకు అంట్లు చదవడం అలవాటు.

"ముందుగా న్యాయపరంగా చూస్తే…" అని మొదలుపెట్టాడు మా ఆయన.

"కేకు తినండి. నోరు పొడిబారితే న్యాయం బయటికి రాదు," అంది సిడోనీ, పక్కగదిలోకి కూడా వినపడేంత గట్టిగా. ఆవేళంతా అలాగే మాట్లాడింది. వయసు మీద పడి చెవులు మందగించాయేమో అనుకున్నాను. కానీ మేం గుసగుసలాడినవన్నీ ఆవిడకి వినపడుతూనే ఉన్నాయి.

"మాదాం సిడోనీ, దాపరికం ఎందుకు? మాకు ఆ గోడ కావాలి. మీకేం కావాలి?" అన్నాను.

తిబో నా వైపు చూసిన చూపు, చదరంగంలో తను ఆలోచిస్తుండగా ఎవరో వచ్చి మంత్రిని జరిపేసినట్టుంది.

"చూశారా, అందుకే మిమ్మల్ని ముఖ్యంగా రమ్మన్నాను," అంది సిడోనీ. "నాకు డబ్బు వద్దు. దూలాలు పెట్టుకోండి. ఎన్ని కావాలంటే అన్ని. నాకు తలుపు కావాలి."

"ఏ తలుపు?"

"గోడలో ఉండేది. మీ బేరిపండు చెట్టుకి ఎదురుగా రాళ్ళతో మూసిన చోటుంది కదా? అది ఒకప్పుడు దారి. అటునుంచి ఉప్పు వచ్చేది, ఇటునుంచి నిప్పు వెళ్ళేది. పొద్దున్న ఎవరింట్లో ముందు కాఫీ కాస్తే వాళ్ళు తలుపు తట్టేవాళ్ళు. తరవాత గాస్తోన్ పెళ్ళాం లియోనీ మూయించింది. నా కోళ్ళు దాని తోటలో ఆకుకూర తిన్నాయట."

"కోళ్ళకోసం గోడా?"

"కోళ్ళకోసమే అని ఊరంతా అనుకుంది." సిడోనీ కాఫీ పోస్తూ ఆగింది. "పాపం కోళ్ళు కూడా అలాగే అనుకున్నాయి."

లియోనీ పోయి చాలా ఏళ్ళయింది. రాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

తిబో జేబులోంచి వంటింటి బొమ్మ తీసి బల్ల మీద పరిచాడు. చూపుడువేలితో ఒక చోట నొక్కాడు. "మాదాం, మీరు చెప్పే చోటు ఇదిగో, సరిగ్గా ఇక్కడ. వంటింటి మధ్యలోకి వస్తుంది. ఇక్కడ మా ఓదిల్ అల్మరా ఉండాలి. నేల నుంచి కప్పు దాకా అల్మరా! రెండేళ్ళుగా దాని గురించే మాట్లాడుతోంది."

నిజమే. గాజు తలుపుల అల్మరా. పెళ్ళిలో మా అమ్మ ఇచ్చిన పింగాణీ సామాను ఇప్పటికీ పెట్టెల్లోనే ఉంది, గడ్డి మధ్య. ఆ అల్మరా నేను పడుకునేముందు తలచుకునే వస్తువు. కొందరు దేవుణ్ణి తలచుకుంటారు.

"అంటే మీరు మా వంటింట్లోకి తిన్నగా తలుపు తీసుకుని వచ్చేస్తారు. ఎప్పుడంటే అప్పుడు," అన్నాడు తిబో.

"తట్టి వస్తాను. నేనేం మొరటుదాన్ని కాదు."

అప్పుడే పక్కగదిలో ఎవరో దగ్గారు. లోతైన, పొగాకు పట్టిన దగ్గు.

"మేక," అంది సిడోనీ, కన్నార్పకుండా.

మా ఆయన తల ఊపాడు. పల్లెల్లో మేకలు ఇళ్ళలోనే ఉంటాయని ఆయన ఎక్కడో చదివాడు.

"జలుబు చేసినట్టుంది. కాస్త తేనె పట్టించండి," అన్నాను నేను.

"మేకకి తేనె పడదు," అంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఇక అడగలేదు. మనిషికి ఈ వయసులో ఇంట్లో దగ్గే మేక ఉండటం మంచిదే. అదీగాక నేను ఆలోచిస్తున్నది అల్మరా గురించి. కోర్టుకి వెళ్తే అల్మరా ఉంటుంది, బొమ్మలో. తలుపు తీస్తే వంటిల్లు ఉంటుంది, గురువారం నుంచి. రెండు చలికాలాల్లో ఆ కొట్టంలోకి నన్ను పలకరించడానికి వచ్చింది ఒక పిల్లి. అది కూడా పులుసు రుచి చూసి మళ్ళీ రాలేదు.

"అల్మరా వద్దు. తలుపే ఉండనీ," అన్నాను.

"ఓదిల్!"

"పింగాణీ ఏముంది తిబో, గూళ్ళలో పెట్టుకుంటాం. కాకపోతే మాదాం, నాదీ ఒక షరతు. నేను పొయ్యి ముందున్నప్పుడు వస్తే ఊరికే కూర్చోకూడదు. ఉల్లిపాయలు తరగాలి."

సిడోనీ బల్ల మీదుగా చెయ్యి చాపింది. గట్టి చెయ్యి. ఏళ్ళ తరబడి ఉత్తరాల మీద ముద్రలు గుద్దిన చెయ్యి.

"ఉల్లిపాయలు నీకంటే నేనే సన్నగా తరుగుతానే పిల్లా," అంది. మీరు పోయి నువ్వు వచ్చింది. ఇక్కడ అంతకు మించిన రిజిస్ట్రేషను లేదు. "ఇంకో మాట. రాళ్ళు మీ వైపునుంచే తియ్యాలి. నా వైపు పాత తలుపు అలాగే ఉంది. ఏం కష్టపడక్కర్లేదు, వాటికి సున్నం పెట్టలేదు. ఉత్త మట్టి. చేత్తో లాగితే వస్తాయి."

"మట్టా? గాస్తోన్ అంత మంచి పనివాడట, మట్టితో ఎందుకు పేరుస్తాడు?" అన్నాడు మా ఆయన.

"మళ్ళీ తియ్యాల్సిన రాళ్ళకి ఎవరైనా సున్నం పెడతారా?" అని, సిడోనీ కేకు ముక్క మీద గుడ్డ సర్దింది.

గుమ్మం దాటుతుంటే మా ఆయనతో, "అన్నట్టు బాబూ, రొయాఁకి ఆ స్టాంపులు దండగ. ఊరుకో," అంది. ఆయనకి కోపం వచ్చింది. నాకు ఎందుకో నవ్వొచ్చింది.

*

బుధవారం తిబో స్తంభం కోసం గుంట తవ్వాడు. వంటింటికి మూడు మూలలు గోడలు పట్టుకుంటాయి. నాలుగో మూల బేరిపండు చెట్టు వైపు ఖాళీ. అక్కడ స్తంభం నిలబెట్టి దాని మీదే పెద్ద దూలం మొయ్యాలి. మోకాలి లోతు తవ్వేసరికి గడ్డపారకి రాయి తగిలింది. బల్లపరుపుగా, వెడల్పుగా ఉంది. గడ్డపారతో కొడితే ఖణేల్‌మనలేదు, డోలులా మోగింది.

"వినిపించిందా ఓదిల్? సహజసిద్ధమైన పునాది. ఇంక కాంక్రీటు ఖర్చు కూడా మిగిలింది," అన్నాడు. ఈ ఇల్లు కొన్నాక ఏదైనా మిగిలింది అని ఆయన అనడం అదే మొదటిసారి. ఆ ఆనందం చెడగొట్టబుద్ధి కాలేదు.

గురువారం పొద్దున్న రెమీ రాకముందే రాళ్ళు తియ్యడానికి దిగాం. మంచు ఇంకా గడ్డి మీదే ఉంది. సిడోనీ చెప్పినట్టే మట్టి పొడిపొడిగా రాలింది. రాళ్ళు ఒక్కొక్కటీ పెద్దమనుషుల్లా, బతిమాలించుకోకుండా బయటికి వచ్చాయి. ఒక్కో రాయీ అందుకుని పక్కన పేరుస్తుంటే నాకు అర్థమైంది, వీటిని పేర్చినవాడు పెళ్ళాం మాట విన్నాడు, కానీ పూర్తిగా వినలేదు.

రాళ్ళన్నీ తీశాక వెనకాల తలుపు కనపడింది. నీలం రంగు వెలిసిన చెక్క తలుపు. నా ఊహ ప్రకారం తుప్పుపట్టి, చెదలు తిని ఉండాలి. కానీ బందులకి కొత్త గ్రీజు నిగనిగలాడుతోంది. గడప దగ్గర గడ్డి కూడా శుభ్రంగా పీకి ఉంది.

"ఇంక పైనున్న ఆ పొడుగుది తీసేస్తే అయిపోయినట్టే," అని తిబో చెయ్యి ఎత్తాడు.

"ఆ పొడుగు రాయి ముట్టుకోకండి!" తలుపు అవతలనుంచి ఒక గొంతు. మగ గొంతు. "దాని మీదే గోడంతా ఉంది. కిందివి తీసేశారుగా, అక్కడితో ఆగండి."

ఆ గొంతు వెనకే దగ్గు. మేక దగ్గు.

మా ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ గొంతు ఆయనకి బాగా తెలుసు. నాకూ తెలుసు. నోటరీ గదిలో, గుండెల మీద చెయ్యేసుకుని, 'ట్యాంకు కొత్తదానిలా ఉంది' అన్న గొంతు.

గొళ్ళెం తీసిన చప్పుడైంది. తలుపు కిర్రుమనకుండా తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కా, చేతిలో పైపు, పాదాలకి సిడోనీ అల్లిన ఊలు మేజోళ్ళు. గాస్తోన్. వెనకాల సిడోనీ, టోపీ లేకుండా, జుట్టు దువ్వుకుని. పెళ్ళి ఫొటోకి నిలబడ్డట్టున్నారిద్దరూ.

"మీరు రొయాఁలో ఉన్నారు!" అన్నాడు మా ఆయన. అది ప్రశ్న కాదు, ఆరోపణ.

"సముద్రం నాకు పడలేదు మిస్యూ. ఒకటే చప్పుడు, ఎంతసేపు కూర్చున్నా విషయానికి రాదు. క్రిస్మస్‌కి ముందే వచ్చేశాను. రోడ్డు మీద తిరిగితే ఊరంతా చూస్తుందని ఇంట్లోనే…" ఆయన సిడోనీ వైపు చూశాడు.

"ఇంక చూస్తే చూడనీ," అంది సిడోనీ. "ఇప్పుడు తలుపుంది."

ఇంకా కప్పు లేదు, నేల లేదు, పొయ్యి లేదు. అయినా నా వంటింట్లోకి అతిథులు వచ్చేశారు. నేను తిరగేసిన సున్నం డబ్బా తుడిచి ముందుకి తోశాను. "రండి మిస్యూ గాస్తోన్, కూర్చోండి. కాఫీ తెస్తాను. మేకకి తేనె వెయ్యనా?"

"ట్యాంకు!" అన్నాడు తిబో. కోపంతో అడుగు వెనక్కి వేశాడు, ఇంకో అడుగు వేశాడు, మూడో అడుగుకి తను తవ్విన గుంటలో మోకాళ్ళదాకా దిగబడ్డాడు. "ట్యాంకు గురించి మీకు పంపిన ఉత్తరాలు…"

"అన్నీ చదివాను. మా అమ్మాయి ఇటే పంపేది. చేతిరాత బాగుంది." గాస్తోన్ పైపు నోట్లోంచి తీశాడు. ముఖంలో నవ్వు పోయింది. "తప్పు నాదే. కానీ మీరు మూత తీసి చూసింది అసలైన ట్యాంకు కాదు. అసలైనది మా నాన్న కట్టించాడు, వేరే చోట ఉంది. ముందు ఇది చెప్పండి, ఈ బేరిచెట్టు మూల మీరు మరీ లోతుగా తవ్వలేదు కదా? ఇక్కడ ఒక పెద్ద పలకరాయి ఉండాలి. దాని మీద పొరపాటున కూడా బరువు పెట్టకూడదు."

రోడ్డు మలుపులో రెమీ లారీ హారన్ మోగింది, దూలాలతో సహా.

మా ఆయన నెమ్మదిగా తల వంచి, తన బూట్ల కిందికి చూసుకున్నాడు.